యూరప్ క్లబ్ పోటీల్లో అత్యధిక గోల్స్: రొనాల్డోకు 140 రాయాలా, 145 రాయాలా?

గోదావరి_గోల్‌కీపర్
మొన్న శనివారం మా ఆఫీసులో క్విజ్ జరిగింది. చివరి రౌండులో అడిగిన ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "యూరప్ క్లబ్ ఫుట్‌బాల్ పోటీల్లో అత్యధిక గోల్స్ చేసింది ఎవరు, ఎన్ని?" నేను క్రిస్టియానో రొనాల్డో, 145 అన్నాను. తప్పన్నారు. సరైన జవాబు 140 అట. పక్క జట్టువాళ్లు 140 అని చెప్పి బహుమతి పట్టుకుపోయారు.

ఇంటికి వచ్చి కాగితం మీద మళ్లీ లెక్క వేశాను. యూరప్ మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ ప్రధాన పోటీలో 140. 2005 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ తరఫున డెబ్రెసెన్ మీద అర్హత రౌండులో 1. 2014లో, ఛాంపియన్స్ లీగ్, యూరోపా లీగ్ (రెండో స్థాయి పోటీ) విజేతలు తలపడే సూపర్ కప్‌లో సెవియా మీద 2. 2022లో యూరోపా లీగ్‌లో షెరిఫ్ జట్టు మీద 2. మొత్తం 145. ప్రశ్నలో ఛాంపియన్స్ లీగ్ అనే మాటే లేదు. నా లెక్కలో తప్పెక్కడుందో ఎవరైనా చెప్పండి. మా తమ్ముడు కూడా "140 అని చిన్నపిల్లలకు కూడా తెలుసు అన్నయ్యా" అంటున్నాడు. రెండు రోజులుగా మనసు మనసులో లేదు.

సీమ_స్ట్రైకర్
మీదే సరైన జవాబు. ప్రశ్న రాసినవాళ్లు సరిగా రాయలేదు, అంతే.

లెక్కల_మాస్టారు
సీమ_స్ట్రైకర్ గారి మాటే నా మాట. లెక్కలో తప్పు లేదు. 140 ఒక ప్రశ్నకు జవాబు, 145 ఇంకో ప్రశ్నకు జవాబు. ఛాంపియన్స్ లీగ్ పట్టికలో అర్హత రౌండు గోల్స్ కలపరు కాబట్టి డెబ్రెసెన్ మీద కొట్టినది అందులోకి రాదు. అది కూడా కలిపితే 141. అందుకే కొన్ని చోట్ల 141 కనిపిస్తుంది. సూపర్ కప్, యూరోపా లీగ్ కూడా కలిపితే మీరు చెప్పిన 145. మెస్సీకి ఈ తేడా తక్కువ: ఛాంపియన్స్ లీగ్‌లో 129, సూపర్ కప్‌లో మూడు, మొత్తం 132.

పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పే మాటే ఇక్కడా చెబుతాను. ఏం లెక్కపెడుతున్నామో ముందు బోర్డు మీద రాయాలి. లెక్క ఆ తర్వాత.

తెల్ల_జెర్సీ
140 అన్నా 145 అన్నా పైన ఉన్నది మా రొనాల్డోయే కదా. ఇందులో దిగులు పడాల్సింది ఏముంది?

కాటలాన్_కాకినాడ
ఎన్ని మ్యాచ్‌ల్లో? అది కూడా చెప్పండి. రొనాల్డో 140 గోల్స్‌కు 183 మ్యాచ్‌లు. మెస్సీ 129 గోల్స్‌కు 163 మ్యాచ్‌లే. వంద గోల్స్ చేరడానికి రొనాల్డోకు 137 మ్యాచ్‌లు పడితే మెస్సీకి 123 చాలాయి.

తెల్ల_జెర్సీ
వస్తుందనుకున్నాను, వచ్చింది. సరే, మ్యాచ్‌లు లెక్కపెడదాం. ఏ మ్యాచ్‌లో కొట్టాడన్నది కూడా లెక్కపెడదాం. రొనాల్డో 140లో 67 నాకౌట్ దశలో, అంటే ఓడితే ఇంటికే అనే మ్యాచ్‌ల్లో వచ్చినవి. మెస్సీకి నాకౌట్‌లో 49, మిగిలిన 80 గ్రూప్ దశలో. 2017 వసంతం గుర్తుందా? క్వార్టర్ ఫైనల్ రెండు మ్యాచ్‌ల్లో బయర్న్ మీద 5, సెమీస్‌లో అట్లెటికో మీద 3, ఫైనల్లో యువెంటస్ మీద 2. చివరి అయిదు మ్యాచ్‌ల్లో పది గోల్స్. నాకౌట్‌లో అలా కొట్టినవాడిని నేను ఇంకొకరిని చూడలేదు.

కాటలాన్_కాకినాడ
2022లో బెంజెమాను చూడలేదా? మీ రియల్ మాడ్రిడ్ జట్టువాడే కదా. నాకౌట్‌లో పది. పారిస్ మీద మూడు, చెల్సీ మీద మూడు, రెండో మ్యాచ్‌లో మళ్లీ ఒకటి, మాంచెస్టర్ సిటీ మీద రెండు, తర్వాత ఇంకొకటి. నేను బార్సా (బార్సిలోనా) అభిమానిని. అయినా పారిస్ మ్యాచ్ రాత్రి 61వ నిమిషం నుంచి 78వ నిమిషం దాకా నిలబడే చూశాను.

తెల్ల_జెర్సీ
చూశాను. ఆ సంవత్సరం బెంజెమా గురించి ఎవరు ఏం చెప్పినా తల ఊపుతాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాత_పేపర్
ఇంత చర్చ జరిగింది, 1992కు ముందు ఫుట్‌బాలే లేనట్టు మాట్లాడుతున్నారు అందరూ. పోటీ పేరు ఆ సంవత్సరం ఛాంపియన్స్ లీగ్ అని మారింది, అంతే. అసలు పోటీ 1955లో యూరోపియన్ కప్ పేరుతో మొదలైంది. చాలా పట్టికలు 1992 నుంచే ఎందుకు మొదలుపెడతాయో నాకు ఈ రోజుకీ మింగుడు పడదు. ఇంటి పెద్దల ఫోటోలు గోడ మీద నుంచి తీసేసి వంశవృక్షం గీసినట్టు ఉంటుంది.

రియల్ మాడ్రిడ్ ఆటగాడు ఆల్ఫ్రెడో డి స్టెఫానో యూరోపియన్ కప్‌లో 58 మ్యాచ్‌లు ఆడి 49 గోల్స్ చేశాడు. 1956 నుంచి 1960 దాకా వరుసగా అయిదు ఫైనల్స్, అయిదింటిలోనూ గోల్ ఉంది. అప్పటి పోటీ ఎలా ఉండేదో కూడా చూడండి. 1955-56లో రియల్ మాడ్రిడ్ కప్పు గెలవడానికి ఆడిన మ్యాచ్‌లు మొత్తం ఏడు: సెర్వెట్‌తో రెండు, పార్టిజాన్‌తో రెండు, మిలాన్‌తో రెండు, రీమ్స్‌తో ఫైనల్. 2024-25లో పారిస్ అదే కప్పు గెలవడానికి ఆడినవి పదిహేడు. ఏడు మ్యాచ్‌ల కాలపు మనిషిని, పదిహేడు మ్యాచ్‌ల కాలపు మనిషిని ఒకే తాడుతో కొలుస్తున్నాం మనం.

ఇంకో సంగతి. ఆ పోటీ మొదలయ్యేనాటికే డి స్టెఫానోకు 29 ఏళ్లు. అంతకు ముందు యూరప్‌లో ఆడడానికి అలాంటి పోటీయే లేదు. ఆ వయసు నుంచి మొదలుపెట్టి 49.

లెక్కల_మాస్టారు
పాత_పేపర్ గారూ, మీ పోస్టు చదివి కూర్చుని లెక్క కట్టాను. డి స్టెఫానో సగటు మ్యాచ్‌కు 0.84. అదే వేగంతో 183 మ్యాచ్‌లు ఆడి ఉంటే సుమారు 155 గోల్స్ అవుతాయి.

తెల్ల_జెర్సీ
మాస్టారూ, ఆ లెక్క నేను ఒప్పుకోను. డి స్టెఫానో మా క్లబ్బుకు తండ్రి లాంటివాడు, ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ 58 మ్యాచ్‌ల సగటును సాగదీసి 183 మీద పరచకూడదు. 37 ఏళ్ల వయసులో ఆడిన మ్యాచ్‌లు, జట్టు బలహీనంగా ఉన్న సీజన్లు, అన్నీ కలిస్తేనే 183. రొనాల్డో కూడా మొదట్లో తడబడ్డాడు. 2007 ఏప్రిల్‌లో రోమా మీద 7-1 గెలిచిన రోజు దాకా ప్రధాన పోటీలో అతని పేరు మీద ఒక్క గోల్ లేదు. అప్పటికి 22 ఏళ్లు. అంటే మిగిలినవన్నీ ఆ తర్వాతే కొట్టాడు.

లెక్కల_మాస్టారు
న్యాయమైన అభ్యంతరం. సాగదీసిన లెక్కను పక్కన పెడుతున్నాను. 49, 58 మాత్రం అలాగే ఉంటాయి.

మిలాన్_మిర్చి
పాత కాలం డిఫెన్స్ అంతా ఉక్కు గోడలు, ఇప్పుడంతా మట్టి గోడలు అని కూడా అనుకోకండి. మా మిలాన్ ఆటగాడు జోసె అల్తాఫిని 1962-63లో 14 గోల్స్ చేశాడు. ఒక సీజన్‌లో అన్ని గోల్స్ రికార్డు యాభై ఏళ్లు నిలిచింది. మెస్సీ 2011-12లో దాన్ని సమం చేశాడు, రొనాల్డో 2013-14లో 17తో దాటాడు. కానీ ఆ 14లో అయిదు ఒకే మ్యాచ్‌లో లక్సెంబర్గ్ జట్టు మీద వచ్చినవి. ఆ రోజు స్కోరు 8-0. నేను మిలాన్ మనిషిని, నేనే చెబుతున్నాను.

అదే అల్తాఫిని వెంబ్లీలో ఫైనల్లో బెన్‌ఫికా మీద రెండు కొట్టి 2-1తో కప్పు తెచ్చాడు. రెండూ ఒకే పట్టికలో ఒకే బరువుతో పడ్డాయి. పట్టిక గొడవ ఎప్పుడూ ఇదే.

సీమ_స్ట్రైకర్
అందుకే పెనాల్టీలు తీసేసి లెక్కపెట్టాలి.

డోర్ట్‌మండ్_డైరీ
పెనాల్టీలు తీసేస్తే లెవాండోవ్‌స్కీ వందో గోల్ పోతుంది. 2024 నవంబరులో బ్రెస్ట్ మీద పదో నిమిషంలో కొట్టిన ఆ గోల్ పెనాల్టీయే. రొనాల్డో, మెస్సీల తర్వాత వంద దాటిన మూడో మనిషి అతను, 2024-25 ముగిసేసరికి 105. పెనాల్టీ అంటే ఊరికే వచ్చిన గోల్ అన్నట్టు మాట్లాడడం నాకు నచ్చదు. అంతమంది చూస్తుండగా గోల్‌కీపర్ కదిలేదాకా ఆగి, అడుగు తడబడకుండా కొట్టడానికి గుండె కావాలి.

నేను చదువుకున్నది డోర్ట్‌మండ్‌లో. 2013 ఏప్రిల్ 24న రియల్ మాడ్రిడ్‌తో సెమీ ఫైనల్. టికెట్టు కొనే స్తోమత లేదు. ఊరి మధ్యలో ఒక చిన్న బార్‌లో, తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడి చూశాను. అప్పుడు డోర్ట్‌మండ్‌కు ఆడే లెవాండోవ్‌స్కీ నాలుగు కొట్టాడు. నాలుగింటిలో నా కళ్లలో నిలిచిపోయింది మూడోది. సహచరుడు ష్మెల్జర్ కొట్టిన బంతి గురి తప్పి అతని కాళ్ల దగ్గరికి వచ్చింది. చుట్టూ డిఫెండర్లు. అరికాలితో బంతిని వెనక్కి లాగాడు, ఒక్క అడుగు చోటు సంపాదించాడు, తలెత్తకుండా వల పైకప్పులోకి కొట్టాడు. లాగడం, కొట్టడం మధ్య రెప్పపాటు కూడా లేదు. బార్‌లో నా పక్కన అరవై ఏళ్ల పెద్దాయన ఉన్నాడు, అప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను గట్టిగా వాటేసుకుని ఏడ్చేశాడు. నాలుగోది పెనాల్టీ. దానికీ అంతే అరిచాం.

సీమ_స్ట్రైకర్
ఇది చదివాక పెనాల్టీల మాట మానుకున్నాను.

ఓరుగల్లు_వింగర్
బార్ అంటే గుర్తొచ్చింది. 2007 మార్చిలో మా హాస్టల్ టీవీ గది. బయర్న్, రియల్ మ్యాచ్. మన టైము ప్రకారం రాత్రి ఒంటిగంటంబావుకు మొదలు. వార్డెన్ లేస్తాడని శబ్దం పూర్తిగా తగ్గించి పెట్టుకున్నాం. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తక్కువైతే పక్క గదికి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి అందరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఎగురుతున్నారు. పది సెకన్లకే బయర్న్ ఆటగాడు రాయ్ మకాయ్ గోల్ కొట్టేశాడు. రియల్ వాళ్లే ఆట మొదలుపెట్టారు, రాబర్టో కార్లోస్ కాలి కింద నుంచి బంతి జారింది, సాలిహామిజిచ్ అందుకుని ఇచ్చాడు, అంతే. ఛాంపియన్స్ లీగ్‌లో అత్యంత వేగవంతమైన గోల్ అది. నేను కుర్చీ మోస్తున్నాను.

మిలాన్_మిర్చి
పాపం. కుర్చీ మాత్రం దొరికింది కదా.

ఓరుగల్లు_వింగర్
దొరికింది. దాని మీద మా సీనియర్ కూర్చున్నాడు.

గ్లాస్గో_వాన
మీరందరూ ఒకే కప్పు చుట్టూ తిరుగుతున్నారు. మొదటి పోస్టులో అడిగింది యూరప్ క్లబ్ పోటీల గురించి కదా. యూఎఫా కప్, అదే ఇప్పటి యూరోపా లీగ్, దాని మాటేమిటి? ఆ పోటీలో హెన్రిక్ లార్సన్‌కు 40 గోల్స్ ఉన్నాయి, ఫెయనూర్డ్, సెల్టిక్, హెల్సింగ్‌బోరి తరఫున. నేను గ్లాస్గోకు ఉద్యోగానికి వచ్చి తొమ్మిదేళ్లు. ఇక్కడ సెల్టిక్ అభిమానుల ముందు 2003 సెవిల్ ఫైనల్ మాట ఎత్తితే ఇప్పటికీ గొంతు మారుతుంది. లార్సన్ తలతో రెండు గోల్స్ కొట్టాడు, రెండుసార్లూ జట్టును సమం చేశాడు. అదనపు సమయంలో డెర్లే గోల్‌తో పోర్టో 3-2తో గెలిచింది. ఫైనల్లో రెండు కొట్టీ ఓడిపోయిన మనిషి అతను.

పాత_పేపర్
ఫైనల్లో గోల్స్ కొట్టి ఓడిన మాట వస్తే హంగరీ ఆటగాడు పుష్కాష్‌ను మరవకూడదు. 1962 యూరోపియన్ కప్ ఫైనల్లో రియల్ తరఫున మూడు కొట్టాడు, అయినా బెన్‌ఫికా 5-3తో గెలిచింది. అతను రియల్‌లో చేరింది 1958లో, 31 ఏళ్ల వయసులో. 1956లో హంగరీలో తిరుగుబాటు జరిగినప్పుడు అతని జట్టు హోన్వేద్ ఇదే యూరోపియన్ కప్ కోసం దేశం బయట ఉంది. బిల్బావ్‌తో రెండో మ్యాచ్ సొంత ఊళ్లో ఆడలేక బ్రస్సెల్స్‌లో ఆడారు. తర్వాత అతను వెనక్కి వెళ్లలేదు, నిషేధం పడింది, మంచి వయసు వృథా అయింది. ఆ ఏళ్లు ఏ పట్టికలోనూ ఉండవు.

మిలాన్_మిర్చి
ఈ పోస్టు దగ్గర ఆగిపోయాను. నిషేధం సంగతి తెలుసు గానీ, గోల్స్ పట్టిక చూస్తున్నప్పుడు ఎప్పుడూ గుర్తు రాలేదు.

కాటలాన్_కాకినాడ
యూరోపా లీగ్ మాట వచ్చింది కాబట్టి ఫాల్కావ్. 2010-11లో పోర్టోకు 17, ఫైనల్లో ఉన్న ఒక్క గోల్ అతనిదే. మరుసటి సంవత్సరం అట్లెటికోకు మారి మళ్లీ ఫైనల్, మళ్లీ రెండు గోల్స్. ఆ ఆగస్టులోనే సూపర్ కప్‌లో చెల్సీ మీద మూడు. ఆ రెండేళ్లు అతని కంటే మంచి స్ట్రైకర్ ఎవరని అడిగితే నేను మెస్సీ పేరు చెప్పే ముందు కూడా ఒక్క క్షణం ఆలోచించేవాడిని.

తెల్ల_జెర్సీ
కాకినాడ నుంచి ఈ మాట! స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

గోదావరి_గోల్‌కీపర్
చర్చ నా క్విజ్‌ను దాటి చాలా దూరం వెళ్లింది, సంతోషం. గ్లాస్గో_వాన గారు చెప్పాక ఒక సందేహం. దేశీయ కప్పులు గెలిచిన జట్లు ఆడే కప్ విన్నర్స్ కప్ అని ఇంకొకటి ఉండేది కదా. అందులో ఎక్కువ గోల్స్ ఎవరివి?

పాత_పేపర్
రాబ్ రెన్‌సెన్‌బ్రింక్, ఆండర్లెక్ట్. 25 గోల్స్. 1976 ఫైనల్లో వెస్ట్‌హామ్ మీద రెండు, 1978 ఫైనల్లో ఆస్ట్రియా వియన్నా మీద రెండు. ఆ పోటీని 1999 తర్వాత ఎత్తేశారు కాబట్టి ఆ రికార్డును ఇక ఎవరూ దాటలేరు. రెన్‌సెన్‌బ్రింక్ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది 1978 ప్రపంచ కప్ ఫైనల్ చివరి క్షణాల్లో గోల్ స్తంభానికి తగిలిన బంతి. 25 గోల్స్ గుర్తుండవు, తగిలిన స్తంభం గుర్తుంటుంది. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

ఒక సీజన్ రికార్డు మాత్రం లోథార్ ఎమ్మెరిష్‌ది. 1965-66లో 14. డోర్ట్‌మండ్_డైరీ గారికి తెలిసే ఉంటుంది.

డోర్ట్‌మండ్_డైరీ
తెలియకపోతే ఆ ఊళ్లో చదువుకున్నానని చెప్పుకోకూడదు. ఆ సంవత్సరం లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి కప్పు తెచ్చారు.

మైదానం_మాదీ
ముప్పై పోస్టులు కావస్తున్నాయి, అందులో ఒక్క స్త్రీ పేరు లేదు. మహిళల ఛాంపియన్స్ లీగ్ కూడా యూరప్ క్లబ్ పోటీయే. క్విజ్ ప్రశ్నను అక్షరాలా తీసుకుంటే అదీ వస్తుంది.

ఆడా హెగర్‌బెర్గ్, లియోన్ క్లబ్ తరఫున. 2019 అక్టోబరులో అన్యా మిట్టాగ్ 51 గోల్స్ రికార్డును దాటింది. అప్పటికి వయసు 24. 2017-18లో ఒక్క సీజన్‌లో 15. 2019లో బుడాపెస్ట్ ఫైనల్లో బార్సిలోనా మీద పదహారు నిమిషాల్లో మూడు గోల్స్. ఆ తర్వాత మోకాలి గాయంతో దాదాపు రెండేళ్లు ఆటకు దూరమైంది. తిరిగి వచ్చి 2022 ఫైనల్లో మళ్లీ బార్సిలోనా మీదే గోల్ కొట్టింది. నేను కాలేజీ జట్టులో ఆడే రోజుల్లో మోకాలికి దెబ్బ తగిలి ఏడాది కూర్చున్నాను. మైదానంలోకి తిరిగి అడుగు పెట్టిన మొదటి రోజు కాలు ముందుకు పడదు, భయం. ఆమె ఫైనల్లో తల వంచి బంతికి ఎదురు వెళ్లిన తీరు చూసి నాకు కన్నీళ్లు ఆగలేదు.

కాటలాన్_కాకినాడ
ఆ రెండు ఫైనల్స్‌లోనూ ఓడింది మా జట్టే. అయినా చెబుతున్నాను, 2019లో ఆమెను ఆపే దారి ఎవరికీ కనబడలేదు.

లెక్కల_మాస్టారు
మంచి పని చేశారు. మా బడిలో ఆడపిల్లల జట్టు ఉంది. రేపు గోడ పత్రికలో ఆమె గురించి రాయిస్తాను.

సీమ_స్ట్రైకర్
హాలాండ్ గురించి ఒక్కరూ మాట్లాడడం లేదు. ఛాంపియన్స్ లీగ్‌లో 49 మ్యాచ్‌ల్లోనే 50 గోల్స్ చేరాడు. అంతకు ముందు యాభైకి అందరికంటే త్వరగా చేరిన వాన్ నిస్టెల్‌రాయ్‌కు 62 పట్టాయి. ఇంకో పదేళ్లు ఆడితే ఈ 140 నిలుస్తుందా?

తెల్ల_జెర్సీ
గాయాలు ఉండకూడదు. జట్టు ప్రతి సంవత్సరం సెమీస్ దాకా వెళ్లాలి. అయినా కష్టం.

సీమ_స్ట్రైకర్
ఇప్పుడు లీగ్ దశలోనే ఎనిమిది మ్యాచ్‌లు కదా. ఇదివరకు గ్రూప్‌లో ఆరే. ఏటా రెండు ఎక్కువ.

లెక్కల_మాస్టారు
ఆ రెండు మ్యాచ్‌ల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. 2023-24లో అత్యధికం ఎనిమిది, కేన్, ఎంబాపే చెరి ఎనిమిది. కొత్త పద్ధతి వచ్చిన మొదటి సీజన్‌లోనే రఫీన్యా, గిరాసీ చెరి పదమూడు. ఒక్క సీజన్ చూసి తీర్పు చెప్పను, కానీ సంఖ్యలు పెరిగే వైపే దారి ఉంది.

మిలాన్_మిర్చి
హాలాండ్ 2023లో లైప్‌జిగ్ మీద అయిదు కొట్టిన రోజు 63వ నిమిషంలో బయటకు పిలిచేశారు. ఇంకో అరగంట ఉంచి ఉంటే ఒకే మ్యాచ్‌లో ఆరు గోల్స్ చూసేవాళ్లం. మెస్సీకి, లూయిజ్ అడ్రియానోకు, హాలాండ్‌కు, ముగ్గురికీ అయిదు దగ్గరే ఆగింది. నా మనసులో ఆ రోజు బాకీ ఇంకా తీరలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి మా మిలాన్ స్ట్రైకర్ ఇంజాగీ గురించి నాలుగు మాటలు రాయకుండా వెళ్లలేను. ఇలాంటి చర్చల్లో అతన్ని అందరూ అదృష్టవంతుడు అని తేల్చేస్తారు. అతను ఆఫ్‌సైడ్ (బంతి అందించే క్షణానికే చివరి డిఫెండర్‌ను దాటి ఉండడం) గీత మీదే కాపురం పెట్టిన మనిషి, నిజమే. 2007 ఏథెన్స్ ఫైనల్లో మొదటి గోల్ పిర్లో కొట్టిన ఫ్రీకిక్ అతని ఒంటికి తగిలి దిశ మారి వెళ్లింది, అదీ నిజమే. కానీ ఆ చోట ఎందుకు ఉన్నాడు? రెండోది చూడండి. సహచరుడు కాకా బంతి తీసుకున్న క్షణంలో ఇంజాగీ డిఫెండర్‌తో సమంగా నిలబడ్డాడు. బంతి కదిలాక కదిలాడు. అర అడుగు ముందు కదిలితే జెండా లేచేది. గోల్‌కీపర్‌ను పక్కకు దాటి, ఇరుకైన కోణంలో నేలబారుగా తోశాడు. 37 ఏళ్ల వయసులో, 2010 నవంబరులో, రియల్ మీద బెంచీ నుంచి వచ్చి రెండు కొట్టాడు. డ్రిబ్లింగ్ లేదు, దూరం నుంచి కొట్టే దమ్ము లేదు. ఉన్నదల్లా ఎక్కడ నిలబడాలో తెలియడం. దాన్ని అదృష్టం అంటే నేను ఊరుకోను.

ఓరుగల్లు_వింగర్
రియల్ మీద కొట్టిన ఆ రెండింటిలో రెండోది ఆఫ్‌సైడే. వెనక్కి తిప్పి చూశాం.

మిలాన్_మిర్చి
కాదనను. జెండా లేవలేదు, గోల్ ఇచ్చారు, పట్టికలో ఉంది.

పాత_పేపర్
నియమాలు కూడా గోల్స్ తలరాత మారుస్తాయి. 1956-57లో రియల్, రాపిడ్ వియన్నా ఆడాయి. మాడ్రిడ్‌లో 4-2తో రియల్ గెలిచింది. వియన్నాలో సగం సమయానికి ఎర్న్‌స్ట్ హాపెల్ ఒక్కడే మూడు కొట్టి 3-0 చేశాడు. రెండో సగంలో డి స్టెఫానో ఒకటి కొట్టాడు. మొత్తం 5-5. ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్స్‌కు ఎక్కువ విలువ ఇచ్చే నియమం అప్పటికి లేదు. ఉండి ఉంటే రాపిడ్ ముందుకు వెళ్లేది. లేదు కాబట్టి మాడ్రిడ్‌లో మూడో మ్యాచ్ పెట్టారు, రియల్ 2-0తో గెలిచింది, ఆ సంవత్సరం కప్పూ గెలిచింది. వియన్నాలో ఆ ఒక్క గోల్ లేకపోతే రియల్ వరుసగా అయిదు కప్పులు గెలిచింది అనే మాటే ఉండదు. 49లో అది ఒకటి. ఆ ఒకటి బరువు ఎంతో మీరే చెప్పండి.

తెల్ల_జెర్సీ
నేను పాతికేళ్లుగా ఈ క్లబ్బు అభిమానిని. ఈ మ్యాచ్ కథ ఇప్పటిదాకా తెలియదు. పాత_పేపర్ గారూ, ఇలాంటివి ఇంకా ఉంటే విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి.

కాటలాన్_కాకినాడ
నేనూ చదువుతాను. బార్సా కథలు కూడా ఉండాలి, ఒక్కటైనా.

గోదావరి_గోల్‌కీపర్
చిన్న విశేషం. ఈ చర్చ మొత్తం చదివాక క్విజ్ నిర్వాహకుడికి లెక్క వివరంగా రాసి పంపాను. ఈ ఉదయం నా దగ్గరికే వచ్చి "ప్రశ్నలో ఛాంపియన్స్ లీగ్ అని రాయాల్సింది, నా పొరపాటే" అన్నాడు. బహుమతి వెనక్కి అడగలేదు, అడగను. వచ్చే నెల ఫుట్‌బాల్ రౌండుకు ప్రశ్నలు నన్నే రాయమన్నాడు.

ఇంకొకటి. నిన్న రాత్రి అన్నం తిన్నాక తమ్ముడిని కూర్చోబెట్టి 1960 గ్లాస్గో ఫైనల్ చూపించాను. రియల్ 7, ఫ్రాంక్‌ఫర్ట్ 3. నలుపు తెలుపు బొమ్మ అనగానే మొదట ఫోను తీశాడు. పుష్కాష్ మూడో గోల్ దగ్గర ఫోను పక్కన పెట్టాడు. 72వ నిమిషంలో ఫ్రాంక్‌ఫర్ట్ ఒకటి కొట్టింది. బంతి మధ్య గీత దగ్గర పెట్టారు, ఆట మొదలైంది, డి స్టెఫానో బంతి తీసుకుని నేరుగా ముందుకు నడిపించుకుంటూ పోయి దూరం నుంచే కొట్టాడు. 73వ నిమిషం. తమ్ముడు వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాడు. మళ్లీ తిప్పాడు. నాలుగోసారి నన్ను అడగకుండానే శబ్దం పెంచాడు. అమ్మ లోపలి గదిలోంచి కేకేసింది.

ఓరుగల్లు_వింగర్
కుర్చీలు సరిపోయాయా?

గోదావరి_గోల్‌కీపర్
నేల మీద కూర్చుని చూశాం. వచ్చే నెలకు పది ప్రశ్నలు కావాలి. మొదటిది రెన్‌సెన్‌బ్రింక్ మీద రాస్తున్నాను. మిగతావి మీరు పంపండి, కాకపోతే ఏ పోటీయో, అర్హత రౌండు కలిపారో లేదో ప్రశ్నలోనే రాయండి.

లెక్కల_మాస్టారు
రాత్రికి మూడు పంపుతాను.